చంద్రుని ఆకర్షణయు, దేహములోని గడియారమును

మన కోలారు బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతు వరకు త్రవ్వబడినది. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడు వరకు మన పెద్దలు అనేకులు రాత్రింబవళ్లు షిఫ్టులవారీగా అచ్చట పనిచేసిరి. ఆ లోతునకు సూర్యకిరణము చేరదు. చంద్రుని ఆకర్షణను మాత్రము ఏ బండయు అడ్డజాలదు. గని అడుగునను అది ఇంచుమించు నేలపై నున్నంతయే. అట్లయిన ప్రాణుల నిద్రను, మెలకువను నడుపునది వెలుగా, ఆకర్షణయా? పిల్లల ఆరోగ్యమును గోరు తల్లిదండ్రులకు ఈ విషయము ఉపయోగకరమని మేము తలంచుచున్నాము.

చంద్రుడు ఒకమారు మన నడిమింటికి వచ్చి మరల అచ్చటికి వచ్చుటకు సగటున 24 గంటల 50 నిమిషములు పట్టును. ఆ వ్యవధిలో సముద్రము సాధారణముగా రెండుమార్లు పొంగును. అమావాస్యకు, పున్నమికి సూర్యుని ఆకర్షణయు తోడై పోటు హెచ్చును. తీరమునందలి పీతలను కొన్నిటిని తెచ్చి, పోటు తగులని తొట్టిలో నుంచినను, అవి కొన్నాళ్లు పోటు వేళలకే చురుకుగా తిరుగును. అయితే వాటికి ఆ వేళలను నేర్పినది నీటి రాకపోకలే.

సముద్రమునకు దూరముననున్న మన జిల్లాలో ఆ నీటి సూచన లేదు. ఇక మిగిలినది ఆకర్షణలోని మార్పు. అది ఎంత స్వల్పమనగా, 30 కిలోల బాలుని బరువులో దానివలన కలుగు భేదము రెండు మూడు ఆవగింజల బరువునకు మించదు. ఆకుల కదలికలకు ఈ మార్పుతో సంబంధము కలదని పీటర్ బార్లో అను వృక్షశాస్త్రజ్ఞుడు వాదించెను. అది ఇంకను సర్వసమ్మతము కాలేదు. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో, అర్జెంటీనాలోని టోబా తెగవారు పున్నమికి ముందు రాత్రులలో ఆలస్యముగా పరుండి తక్కువగా నిద్రించుచున్నట్లు తేలినది. సాయంకాలపు వెన్నెలయే ఇందుకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఆకర్షణకును పాత్ర ఉండవచ్చునన్న మాట ఇంకను ఊహగానే యున్నది.

వెలుగు విషయమున మాత్రము సందేహము లేదు. 1938లో క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మామత్ గుహలో 32 దినములు గడిపి, 28 గంటల దినమునకు అలవాటుపడ యత్నించెను. ఆయన దేహపు వేడిమి మాత్రము 24 గంటల క్రమమును విడువలేదు. మానవుని అంతర్గడియారపు ఆవృత్తి సగటున 24 గంటలకు కొన్ని నిమిషములే ఎక్కువయని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అది చంద్రుని లెక్కకు సరిపడదు. ఆ కొద్ది నిమిషములను దినదినము సరిదిద్దునది ఉదయపు వెలుగు. రాత్రి షిఫ్టు చేసినవారికి పగటినిద్ర చాలకపోవుటకు కారణమిదియే.

శివసముద్రము నుండి 1902లోనే మన గనులకు విద్యుత్తు వచ్చినది. నేడు దీపమునకు తోడు చేతిఫోను వెలుగును రాత్రిని పగలు చేయుచున్నది. గనులు మూతపడిన పిదప బెంగుళూరు ఉద్యోగములకై అనేకులు వేకువనే రైలెక్కుచున్నారు. ఇంట పెద్దల నిద్రతోపాటు పిల్లల నిద్రయు తరుగుచున్నది.

కావున తల్లిదండ్రులకు మా మనవి: అమావాస్య వచ్చినదని బిడ్డ నిద్రకై భయపడనక్కరలేదు. రాత్రి నియమితవేళకు దీపమార్పుడు, ఫోనును దూరముగా నుంచుడు, ఉదయమున బిడ్డను కొంతసేపు ఎండలో నడువనిండు. చంద్రుని ఆకర్షణ మన స్వాధీనములో లేదు. ఇంటి దీపము మన చేతిలోనే యున్నది.