ఉత్తరము పోయినదా, ప్రత్యుత్తరము పోయినదా?



గత సంవత్సరము జ్యేష్ఠమాసమున నొకనాటి రాత్రి మా చెల్లెలు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. పిల్ల ప్రవేశపరీక్షకు రుసుము కట్టుటకు ఆ రాత్రియే కడపటి గడువు. సెల్‌ఫోనులో దరఖాస్తు నింపి, 1,200 రూపాయలు చెల్లించు మీటను నేనే నొక్కితిని. తెరమీద చక్రము తిరుగుచునే యుండెను; ఎంతకును జవాబు రాలేదు. గడువు దాటిపోవునను భయముతో మరల నొక్కితిని. ఈ మారు రసీదు వచ్చినది. మరునాడు చూడగా బ్యాంకు లెక్కలో 2,400 రూపాయలు తగ్గియున్నవి! కుట్టుపని చేసి సంసారము నీడ్చుచున్న మా చెల్లెలికి ఆ రెండవ పండ్రెండువందలు నెలనాళ్ల బియ్యము. ఆ సొమ్ము ఇరువదిమూడు దినములకు తిరిగి వచ్చినది గాని, యన్నినాళ్లును నా తొందరపాటు నన్ను దహించినది. జరిగినదేమో తెలియవలెనని మావారి నడిగియు, పుస్తకములు చదివియు గ్రహించిన సంగతులను మీ ముందుంచుచున్నాను.

మన ఫోనులో పుటలను తెచ్చి చూపు సాధనమునకు బ్రౌజరని పేరు. ఆ పుటలను దాచియుంచి, యడిగినవారి కందజేయు యంత్రము సర్వరు. బ్రౌజరు అడుగవలెను, సర్వరు బదులు చెప్పవలెను. ఈ ప్రశ్నోత్తరముల కేర్పడిన మర్యాదకు హెచ్‌.టి.టి.పి. యని పేరు. దీనిని కల్పించినవాడు టిమ్ బెర్నర్స్‌-లీ యను ఆంగ్లేయుడు. ఆయన జెనీవా నగర సమీపమున నున్న సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచు, 1989లో తన యోచనను వ్రాసి చూపి, 1990వ సంవత్సరాంతమునకు తొలి సర్వరును తొలి బ్రౌజరును నడిపెను. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ వారు మూల్యము గోరకయే దీనిని లోకమునకు విడిచిరి. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన లభించినది.

మనము ఒక చిరునామాను వ్రాసినంతనే జరుగు పనులు నాలుగు.

మొదటిది, పేరును సంఖ్యగా మార్చుట. యంత్రములకు పేర్లు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ పేరునకు ఏ సంఖ్యయో చెప్పు యేర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ రచించెను.

రెండవది, పలకరింపు. "వినబడుచున్నదా?" యని మన యంత్రము, "వినబడుచున్నది, నా మాట నీకు వినబడుచున్నదా?" యని యావలి యంత్రము, "వినబడుచున్నది" యని మరల మనది. పిమ్మట సమాచారము చిన్నచిన్న పొట్లములుగా విడి, వరుస సంఖ్యలతో ప్రయాణము చేయును. సముద్రగర్భమున పరచిన తీగెలగుండ ఖండాంతరములకు బోవు పొట్లములును గలవు. దారిలో నొకటి తప్పిపోయిన దానిని మరల పంపుదురు. ఈ పద్ధతిని వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రకటించిరి.

మూడవది, కోరిక. దీని మొదట నొక క్రియాపదముండును. "గెట్" అనిన "ఈ పుటను చూపుము" అని యర్థము. దీనిని పదిమారులు పంపినను నష్టములేదు. "పోస్ట్" అనిన "ఈ దరఖాస్తును స్వీకరించి పని జరుపుము" అని యర్థము. దీనిని రెండుమారులు పంపిన, పనియు రెండుమారులు జరుగవచ్చును.

నాలుగవది, జవాబు. దాని మొదట మూడంకెల సంఖ్య యుండును. 200 అనిన సర్వము సరి. 404 అనిన అడిగిన పుట యచట లేదు. 500 మొదలుకొని 599 వరకు గల సంఖ్యలు వచ్చిన దోషము సర్వరు పక్షమునదే, మనది గాదు.

ఈ సర్వరునకు స్వభావము చేతనే మరపు మెండు. ఒక ప్రశ్నకు బదులిచ్చిన వెంటనే అడిగినదెవరో మరచును. కాళిదాసుని దుష్యంతుడు ఉంగరమును చూచి శకుంతలను జ్ఞప్తికి దెచ్చుకొనినట్లు, సర్వరు తానిచ్చిన గురుతును మన బ్రౌజరు మరల చూపినపుడు మనలను పోల్చుకొనును. 1994లో పుట్టిన యీ గురుతునకు కుకీ యని పేరు. ఇతరుల ఫోనులో మన లెక్క తెరచి, మూయక వచ్చితిమేని, ఆ యుంగరము వారి చేత నుండిపోయినట్లే.

చిరునామా మొదట హెచ్‌.టి.టి.పి.ఎస్‌. అని యున్నచో, మాటలు రహస్యలిపిలో సాగును. నడుమ నెవరు పట్టినను చదువలేరు. అంతేగాక, సర్వరు తన పేరునకు సాక్ష్యముగా నొక ధ్రువపత్రమును చూపవలెను. అశోకవనమున సీతాదేవి హనుమంతుని సైతము రావణుని మాయయేమోయని శంకించి, ముద్రికను చూచి నమ్మినది గదా! అయినను ఒక హెచ్చరిక. ఆ పత్రము పేరునకు సాక్ష్యమేగాని సుగుణమునకు గాదు. మోసగాడు బ్యాంకు పేరులో నొక యక్షరము మార్చి, యా మారుపేరునకు నిజమైన పత్రమునే సంపాదింపవచ్చును. పర్ణశాలకు వచ్చిన రావణుడు సన్న్యాసి వేషముననే గదా వచ్చినది! కావున పేరును అక్షరమక్షరము చదివిన పిమ్మటనే రహస్యసంఖ్యలను వ్రాయవలెను.

ఇక నాటి రాత్రి మాట. నా మొదటి కోరిక చేరలేదని నేను తలచితిని. అది చేరినది, సొమ్మును చెల్లినది. రానిది జవాబు మాత్రమే. ఉత్తరము పోయినదో ప్రత్యుత్తరము పోయినదో ఈవలి గట్టున నున్నవారికి కనబడదు. సర్వరును నడుపువారు ఒక్కొక్క చెల్లింపునకు ఒక్కొక్క ప్రత్యేకసంఖ్య నొసగి, అదే సంఖ్య రెండవమారు వచ్చినపుడు సొమ్ము తీయకుండ కట్టుదిట్టము చేయవచ్చును. చేయువారు గలరు, చేయనివారును గలరు.

కావున సోదరీమణులారా, చక్రము తిరుగుచుండగా మీటను మరల నొక్కకుడు. ముందు బ్యాంకు లెక్కను, పిదప దరఖాస్తు స్థితిని చూడుడు. సొమ్ము పోయి రసీదు రానిచో, చెల్లింపుసంఖ్యను వ్రాసికొని బ్యాంకు వారికిని, రుసుము గొన్నవారికిని వెంటనే తెలుపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, గడువునాటి రాత్రి వరకు ఆగకుడు.

ఈ సంవత్సరము మా చెల్లెలు రెండవ పిల్లకు రుసుము తానే కట్టినది. గడువునకు పదిదినములు ముందుగా, ఒక్కమారే నొక్కి.