17,296కి జోడీ ఎవరు? ఏడు వందల ఏళ్ల నాటి లెక్క

17,296. చూడ్డానికి పాస్‌బుక్‌లో కనిపించే మామూలు సంఖ్యే. కానీ దీనికో జోడీ ఉంది: 18,416. ఇలాంటి జతల్ని మిత్ర సంఖ్యలు అంటారు. అరబీలో ‘ముతహాబ్బా’. మనకు బాగా తెలిసిన ‘ముహబ్బత్’ మాటకీ అదే మూలం.

దోస్తీ ఎలా?

ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేవి దాని కారణాంకాలు. 18,416ని పక్కన పెట్టి, మిగతా కారణాంకాలు చూద్దాం: 1, 2, 4, 8, 16, 1,151, 2,302, 4,604, 9,208. కూడితే సరిగ్గా 17,296! అలాగే 17,296 కారణాంకాలు, అది కాకుండా, 19 ఉంటాయి. కూడితే 18,416 వస్తుంది.

పూర్వం గ్రీకులకు తెలిసిన జత ఒక్కటే: 220, 284.

బాగ్దాద్ సూత్రం

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఇలాంటి జతల్ని వెతకడానికి సూత్రం కనిపెట్టారు. ఆయన ముస్లిం కాదు, హర్రాన్‌కు చెందిన సాబియన్. రాసింది మాత్రం అరబీలో.

2ని రెట్టింపు చేసుకుంటూ పోతే 4, 8, 16 వస్తాయి. 16 తీసుకుందాం.

- 16కి మూడు రెట్లు, అందులో 1 తీసేస్తే 47.
- దాని సగం 8కి మూడు రెట్లు, 1 తీసేస్తే 23.
- 16, 8, 9 గుణించి 1 తీసేస్తే 1,151.

ఈ మూడూ ప్రధాన సంఖ్యలైతే జత దొరికినట్టే. 16×23×47 అంటే 17,296. 16×1,151 అంటే 18,416. అన్నిసార్లూ కుదరదు. 8తో మొదలుపెడితే మూడోది 287 వస్తుంది. అది 7×41, ప్రధాన సంఖ్య కాదు. లెక్క అక్కడే ఆగిపోతుంది.

పేరు ఎవరికి దక్కింది?

ఈ జతను చాలాకాలం ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా పేరుతోనే చెప్పుకున్నారు. ఆయన దీన్ని చెప్పింది 1636లో. అంతకు మూడు వందల ఏళ్ల ముందే ఇరాన్‌లో కమాలుద్దీన్ అల్ ఫారిసీ, మొరాకోలో ఇబ్న్ అల్ బన్నా దీన్ని రాసిపెట్టారు. 17వ శతాబ్దంలోనే ఇరాన్‌కు చెందిన ముహమ్మద్ బాఖిర్ యజ్దీ ఇంకా పెద్ద జత పట్టుకున్నారు: 93,63,584, 94,37,056. యూరప్‌లో ఇది డెకార్ట్ పేరుతో నిలిచింది. ఫెర్మా, డెకార్ట్ కాపీ కొట్టారని కాదు. అరబీ రాతప్రతులు వాళ్ల దాకా చేరలేదు, అంతే.

పిల్లలకూ చోటుంది

ఇంతమంది వెతికినా ఒక చిన్న జత అందరి కళ్లూ తప్పించుకుంది: 1,184, 1,210. సాబిత్ సూత్రానికి ఇది దొరకదు. 1866లో దీన్ని బయటపెట్టింది ఇటలీకి చెందిన 16 ఏళ్ల కుర్రాడు నికోలో పగనీని. మిత్ర సంఖ్యల జతలు ఎక్కడో ఒకచోట అయిపోతాయా, అంతులేకుండా ఉంటాయా? దీనికి ఇప్పటికీ రుజువు లేదు.

ఈ సాయంత్రం పిల్లలతో 1,184 కారణాంకాలు రాయించి చూడండి. నోటుబుక్కులో ఒక పేజీ చాలు.