భుజం దిగాలంటే...

బిగుసుకునేది కండరం. బిగించేది నాడీ వ్యవస్థ. నెమ్మదైన చెయ్యి, నిలకడైన గమనింపు తోడైతే అదే వదిలిపెడుతుంది.

మిరప కోతల రోజుల్లో ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం నెమలి వైపు తోటల్లో చూడండి. పొద్దున సాళ్లలో వంగిన నడుములు అన్నం వేళకు గానీ పూర్తిగా లేవవు. ఎడమచేత్తో కొమ్మ పట్టి, కుడిచేత్తో తొడిమ దగ్గర కాయ తుంచి ఒడిలో వేసుకుంటారు. ఘాటుకు ముఖానికి గుడ్డ చుట్టుకుంటారు. ఆ గుడ్డ చాటున ఊపిరి పైపైనే ఆడుతుంది. కొమ్మ పట్టిన వైపు భుజం చెవి దాకా లేచి ఉంటుంది. పొద్దుగూకితే పని ఆగుతుంది గానీ భుజం దిగదు.

‘మెడ పట్టేసింది, నరాలు లాగేస్తున్నాయి’ అంటూ మందుల షాపులో నొప్పి బిళ్ల కొనుక్కుంటారు. రోజూ మింగితే ఆ బిళ్లలు కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. గంపలగూడెం కూడా ఉన్న తిరువూరు నియోజకవర్గంలో ఎ.కొండూరు తండాల కిడ్నీ జబ్బులు చూసిన ఈ ప్రాంతానికి ఆ మాట మరీ గట్టిగా చెప్పాలి.

బిగువు ఎక్కడ పుడుతుంది?

కండరం ఎంత సాగిందో కొలిచే సన్నని గ్రాహకాలు దాని లోపలే ఉంటాయి. అవి ఎప్పటికప్పుడు వెన్నుపాముకు కబురు చేరవేస్తాయి. నొప్పి, భయం, నిద్రలేమి, అప్పుల దిగులు... ఏది మీదపడినా నాడీ వ్యవస్థ కండరాన్ని కాపలాకు నిలబెడుతుంది. బిగువు వల్ల నొప్పి, నొప్పి వల్ల మళ్లీ బిగువు. నెలలు గడిచేసరికి అదే అలవాటైపోతుంది. బిగించి ఉన్నామన్న సంగతే మనకు తెలియదు. తెలియనిదాన్ని ఎలా వదులుతాం?

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ ఈ చిక్కును పట్టుకున్నాడు. ఒక్కో కండరాన్ని కాసేపు బిగించడం, వదలడం, ఆ రెంటి తేడాను గమనించడం... ఇదే ఆయన పద్ధతి. దానిపై పుస్తకం 1929లో వెలువడింది. నేల మీద వెల్లకిలా పడుకుని అలసట తీర్చుకునే శవాసనాన్ని 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక ఏనాడో చెప్పింది. ముంబైలో డాక్టర్ కె.కె.దాతే బృందం 47 మంది రక్తపోటు రోగుల చేత శవాసనం వేయించి, ఎంతోమందిలో మెరుగుదల కనిపించిందని 1969లో ప్రకటించింది.

చెయ్యి ఎలా పనిచేస్తుంది?

వెంట్రుకలున్న చర్మంలో నెమ్మదైన స్పర్శకే బాగా స్పందించే నరాల పోగులున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో వెచ్చని చెయ్యి కదిలితే వాటికి ఇష్టం. ఆ కబురు మెదడులో భావోద్వేగాలతో ముడిపడిన భాగాలకు చేరి, భద్రంగా ఉన్నామన్న ధీమా కలిగిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు రోజూ మర్దన చేస్తే, చేయని పిల్లల కన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని 1986లో టిఫనీ ఫీల్డ్ బృందం చూపింది. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసే మన అమ్మమ్మలు చేసేదీ ఇదే.

ఎముకలు విరిగేలా నొక్కితేనే మర్దన అనుకోవడం పొరపాటు. నొప్పెడితే శరీరం ఎదురు బిగుసుకుంటుంది. చెయ్యి ఊపిరి కోసం ఆగాలి. లోపలికి పీల్చేటప్పుడు ఊరకే ఆనించి ఉంచి, వదిలేటప్పుడు మెల్లగా నొక్కాలి. ఊపిరి వదిలే వేళ వేగస్ నరం పట్టు పెరిగి గుండె వేగం తగ్గుతుంది. కండరం వదులు కావడానికి అదే అనువైన వేళ.

మర్దన చేసే మరొకరి చెయ్యి లేకపోయినా గమనింపు ఉంటుంది. బర్మాలో పుట్టిన ఎస్.ఎన్.గోయెంకా తీరని మైగ్రేన్‌తో 1955లో సయాజీ ఉ బా ఖిన్‌ను ఆశ్రయించి విపశ్యన నేర్చుకున్నారు. తల నుంచి పాదాల వరకు ఒంట్లో కలిగే ప్రతి అనుభూతినీ మార్చబోకుండా చూడటమే ఆ సాధన. ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయ కేంద్రంలో ఆ పదిరోజుల శిబిరాలు జరుగుతాయి.

ఇంట్లోనే పది నిమిషాలు

- వేడినీళ్ల స్నానం చేసి చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి.
- భుజాలు చెవులవైపు ఎత్తి, ఐదు లెక్కపెట్టి వదలండి. వదిలాక ఏం తెలుస్తోందో చూడండి. పిడికిళ్లు, దవడ, పొట్ట, కాళ్లూ అంతే.
- గోరువెచ్చని నువ్వుల నూనెతో ఇంట్లో వాళ్లు మెడ నుంచి భుజం దాకా నెమ్మదిగా రాయాలి. మాటలొద్దు, ఫోనొద్దు.

తిమ్మిరి, చేతిలో బలం తగ్గడం, జ్వరం, మూత్రం మీద అదుపు తప్పడం, ఛాతీలో నొప్పి ఉంటే మర్దన కాదు, వెంటనే డాక్టరు కావాలి. ఒక్క పిక్కే వాచి నొప్పెడితే అస్సలు రుద్దకూడదు.

మన ఇళ్లలో పసిబిడ్డకు నూనె రాస్తారు, బాలింతకు ఒళ్లు పడతారు, పండక్కి అల్లుడికి తలంటుతారు. కోతకు వెళ్లొచ్చి పొయ్యి దగ్గర కూర్చునే ఆడమనిషి వంతు మాత్రం ఎప్పటికీ రాదు. అందరికీ నూనె రాసే చేతులు ఆమెవే కాబట్టి. అన్నం ఇంకెవరైనా వండాలి, ఆ పది నిమిషాలు ఆమెకు దక్కాలి. ఇది ఆమె మీద దయ కాదు, ఇంటిల్లిపాదీ ఆమెకు పడిన బాకీ.