వే బిల్లులో లేని మనిషి

సరుకు రవాణాలో 'డిజిటల్ పరివర్తన' వచ్చిందని వాణిజ్య పత్రికలు ఉత్సాహంగా రాస్తున్నాయి. మన రచయితల్లో కొందరు అది తమకు సంబంధించని సాంకేతిక వ్యవహారమని ఊరుకుంటున్నారు. మరికొందరు కంప్యూటర్‌ను రాక్షసిని చేసి కవిత రాసి పంపిస్తున్నారు. రెండూ వస్తువును తప్పించుకునే పద్ధతులే. అది ఏ కాగితంలో, ఏ నిబంధనలో జరిగిందో చూడనిదే అందులోని శ్రామికుడు మనకు దొరకడు. అందుకని నేనిక్కడ ఈ-వే బిల్లు ఒక్కదాన్నే తీసుకుంటాను.

2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. బారులు తీరిన లారీలు, గుమాస్తా చేతిలో పెట్టే మామూలు చాలావరకు పోయాయి. డ్రైవరుకు ఇది మేలే. దాన్ని దాచిపెట్టి రాసేది వాస్తవికత కాదు. ఆ స్థానంలో 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. సరుకు విలువ రూ. 50,000 దాటితే బిల్లు కంప్యూటర్‌లో ముందు పుట్టాలి, లారీ తర్వాత కదలాలి.

బిల్లుకు రెండు భాగాలు. మొదటి దానిలో సరుకు, దాని విలువ, పంపేవారు, అందుకునేవారు. రెండో దానిలో లారీ నంబరు. డ్రైవరు పేరుకు గడి లేదు.

గడువు మాత్రం ఉంది. మొదట్లో ప్రతి 100 కిలోమీటర్లకు ఒక రోజు ఇచ్చేవారు. 2021 జనవరి 1 నుంచి మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీ 1,000 కిలోమీటర్లు పోవాలంటే అంతకుముందు 10 రోజులుండేవి, ఇప్పుడు 5. నడిచే లారీకి రోజుకు 200 పెద్ద దూరమేమీ కాదు, నిజమే. కానీ టైరు పేలి రోడ్డు పక్కన ఆగినా, గోడౌను ముందు వంతు కోసం పడిగాపులు పడినా గడువు కరుగుతూనే ఉంటుంది. గడువు పొడిగించుకోవచ్చు, అదీ ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపల, కారణం చెప్పి. ప్రకృతి వైపరీత్యం, శాంతిభద్రతలు, ప్రమాదం వంటివి కారణాల జాబితాలో ఉన్నాయి. నిద్ర లేదు. బహుశా అది 'ఇతరాలు' కింద పడుతుంది!

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిదినాన్ని సాధారణంగా 8 గంటలుగా లెక్కించింది. అక్కడ కొలత మనిషి. బిల్లులో రోజంటే 24 గంటలు. ఇక్కడ కొలత సరుకు. ఉత్పత్తి సంబంధాలు ఒక అంకెలో ఎలా ఇమిడిపోతాయో చెప్పడానికి విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

చెక్‌పోస్టు గుమాస్తాకు ముఖం ఉండేది. డ్రైవరు అతన్ని బతిమాలగలిగేవాడు, తిట్టగలిగేవాడు. అలాంటి పాత్ర కథకుడి పనినీ తేలిక చేస్తుంది. ఇప్పుడు ఆ ముఖం లేదు కాబట్టి యంత్రాన్ని తిట్టడం మిగిలింది. అయితే 100ను 200 చేసింది యంత్రం కాదు, 2020 డిసెంబరు 22 నాటి ఒక నోటిఫికేషన్. దాన్ని మనుషులే రాశారు. కథకుడు దాన్ని చదవాలి. చదివాక విజయవాడ ఆటోనగర్‌కో, దగ్గరున్న లారీ స్టాండుకో వెళ్లి, కిరాయి ఎంత, బత్తా ఎంత అన్న పాత ప్రశ్నలతో పాటు ఇంకో రెండు అడగాలి. బిల్లు గడువు ఎప్పటితో ముగుస్తుంది? నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?