ఇంట్లో నూలుబట్టే మేలు

బరంపురం పట్టుకు పేరుపడ్డ ఊరు. పట్టు పెళ్ళిళ్ళకు సరే, రోజంతా ఒంటిమీద ఉండేవి మాత్రం లుంగీ, నైటీ, సల్వార్ కమీజే.

మనిషి బతకడానికి తప్పనిసరైన ఆరు అంశాల్లో యునానీ వైద్యం గాలిని మొదట చెబుతుంది. గోపాలపూర్ సముద్రం దగ్గరే కాబట్టి మన గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. పాలియెస్టర్ నైటీ వేసుకుంటే ఆ చెమట ఒంటికే పట్టి ఉంటుంది. చెమటకాయలు లేస్తాయి. నడుము నాడా బిగించే చోట, గజ్జల్లో తామర పాకుతుంది. యునానీలో దీన్నే ఖూబా అంటారు. పొయ్యి దగ్గరైతే ఇంకో ముప్పు. మంట అంటుకుంటే పాలియెస్టర్ కరిగి చర్మానికి పట్టేస్తుంది.

ఇంట్లో వదులైన నూలుబట్టలే కట్టండి. వంట చేసేటప్పుడు దుపట్టా వేలాడనివ్వకండి. తడి ఆరని బట్టలు తొడగవద్దు. ఒకరి లుంగీ, తువ్వాలు ఇంకొకరు వాడవద్దు.

ఆడవారు ఈ దురదను సిగ్గుతో దాచుకుని, మందుల షాపులో ఏదో క్రీము తెప్పించుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, తామర మరింత ముదురుతుంది. సిగ్గుపడకుండా హకీం సాహెబుకో, చర్మవైద్యులకో చూపించి, చెప్పినన్నాళ్ళూ మందు వాడండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వారికీ అప్పుడే వైద్యం చేయించండి. లేకపోతే అది ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.