ఆ రోజు మన ఊళ్లో ఏం జరిగింది?

శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా సమీకృత కలెక్టరేట్ 2022 ఆగస్టు 17న మొదలైంది. సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబర్ 17 వచ్చింది. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవంగా మూడు రోజులు జరిపింది. అదే రోజు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినోత్సవం జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో రాష్ట్రం దాన్ని ప్రజాపాలన దినోత్సవమంది. అంతకుముందే ఆ ఏడాది మార్చిలో, ఏటా సెప్టెంబర్ 17ను విమోచన దినోత్సవంగా జరపాలని కేంద్రం గెజిట్ విడుదల చేసింది. విలీన దినమనేవాళ్లు, విద్రోహ దినమనేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో అయితే ఆ రోజుకు అధికారికంగా ఏ పేరూ లేదు. అదే హైదరాబాద్ సంస్థానం నుంచి విడిపోయి మహారాష్ట్రలో కలిసిన మరాఠ్వాడా, కర్ణాటకలో కలిసిన కలబురగి ప్రాంతం మాత్రం ఏటా ప్రభుత్వ లాంఛనాలతో జెండా ఎగరేస్తూనే వచ్చాయి.

పేరు మీద వాదన అక్కర్లేదని నేననను. ఏ పేరు పెట్టామన్నదాన్నిబట్టి ఆ రోజును ఎవరి వైపు నుంచి చూస్తున్నామో తెలుస్తుంది. కానీ వాదనంతా పేరు దగ్గరే ఆగిపోయింది. మన పిల్లలకు తేదీ నోటికి వచ్చింది. ఆ తేదీన తమ ఊళ్లో, తమ తాతల పొలాల్లో ఏం మారిందో మాత్రం వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

బొల్లారం నుంచి రేడియో దాకా

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. ప్రధాన దళం సోలాపూర్ వైపు నుంచి, మరో దళం బెజవాడ వైపు నుంచి వచ్చాయి. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. జనం నోట నిలిచింది పోలీస్ యాక్షన్. ఐదో రోజుకల్లా, 17న, లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ సాయంత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లాంఛనంగా లొంగిపోయింది మరునాడు, 18న.

ఈ కథలో మన వైపు ఊరు ఒకటుంది. నగరం నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో ఉన్న బొల్లారం. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ అక్కడే ఉండేవారు. సైనిక చర్య నడిచిన రోజుల్లో ఆయన్ను ఇల్లు కదలనివ్వలేదు. చివరికి 17న నిజాం కబురుపెట్టి పిలిపించుకున్నది ఆయన్నే. మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో సెప్టెంబర్ 17న ఎన్నో ఉపన్యాసాలు వినిపిస్తాయి. కానీ ఇంత దగ్గర్లో ఉన్న బొల్లారం పేరు వాటిలో వినిపించడం అరుదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ తేదీ అందరి ఇళ్లలోకీ ఒకేలా రాలేదు. రజాకార్ల దాడులతో నిద్రలేని ఊళ్లకు అది ఊపిరి పీల్చుకున్న రోజు. ఆ తర్వాతి వారాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద సాగిన హత్యాకాండను పండిట్ సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఎంత తగ్గించి చూసినా మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఇక భూమి కోసం తుపాకి పట్టిన రైతులకు సెప్టెంబర్ 17తో పోరాటం ముగియలేదు. 1951 అక్టోబర్ దాకా సాగింది. ఈ మూడు అనుభవాలనూ ఒకే వేదిక మీద చెప్పగలిగిన రోజున పేరు తగాదా దానంతటదే చల్లబడుతుందని నా నమ్మకం.

ఎవరూ జెండా ఎగరేయని ఏడాది

మేడ్చల్ రైతుకు అసలు మార్పు వచ్చింది 1948లో కాదు, 1949లో.

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్‌-ఎ-బల్దా జిల్లాలో తాలూకా. నగరం చుట్టూరా ఉన్న ఆ జిల్లా సర్ఫేఖాస్ కిందికి వచ్చేది. సంస్థానంలో సర్కారుకు శిస్తు కట్టే దివానీ ఇలాకా వేరు, జాగీర్దార్ల ఊళ్లు వేరు. సర్ఫేఖాస్ అంటే నిజాం సొంత ఆస్తి. ఆ ఊళ్ల శిస్తు సర్కారు ఖజానాకు పోదు, నేరుగా నిజాం సొంత ఖజానాకు చేరుతుంది. అంటే సైన్యం వచ్చిన నాడు, రేడియో ప్రసంగం నాడు, లొంగుబాటు నాడు కూడా మన చెరువు కింది పొలాలు సర్ఫేఖాస్ లెక్కలోనే ఉన్నాయి. 1949లో సర్ఫేఖాస్‌ను దివానీలో కలిపేశారు. బదులుగా నిజాంకు ఏటా 25 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వచ్చింది.

ఈ రెండు నిర్ణయాలకు మన దగ్గర సభ లేదు, సెలవు లేదు, కనీసం ఫ్లెక్సీ కూడా లేదు. అయినా ఈ ప్రాంతంలో ప్రతిరోజూ ఎవరో ఒకరు ఆ ఏడాదిని తవ్వుతూనే ఉంటారు. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఇక్కడ వెంచర్లు ఎంత వేగంగా పుట్టాయో, భూ తగాదాలూ అంతే వేగంగా పెరిగాయి. ప్లాటు కొనేవాడు లింకు డాక్యుమెంట్లు వరసగా వెనక్కి చూసుకుంటూ పోతే 1954–55 ఖాస్రా పహాణీ దగ్గరికి వస్తాడు. ఇంకా వెనక్కి పోతే సేత్వార్ అనే పాత సర్వే రికార్డు. అక్కడ సర్ఫేఖాస్ అన్న మాట కనిపించిందంటే వకీలు ఆగి మళ్లీ చదువుతాడు. ఆ భూమి సర్కారుకు వచ్చిందా, పట్టాదారుకు దక్కిందా, పైగా వారసులమంటూ ఎవరొస్తారు? కోర్టుల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్నలివి. ఆ కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదివి చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 1948లో పదేళ్లున్న పిల్లవాడికి 2018కే ఎనభై నిండాయి. సెప్టెంబర్ 17న బడిలో జెండా దించక ముందే అలాంటి పెద్దమనిషి ఒకర్ని కూచోబెట్టి, శిస్తు ఎవరికి కట్టేవారు, పట్టా ఎప్పుడొచ్చింది అని పిల్లల చేత అడిగించి రాయిస్తే, ఏ మంత్రి ప్రసంగం కన్నా అది విలువైనది.

జిల్లాలు మాత్రం చకచకా మారాయి. అత్రాఫ్‌-ఎ-బల్దా పోయి హైదరాబాద్ జిల్లా అయింది. 1978లో మేడ్చల్ నుంచి శాసనసభకు గెలిచిన మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా పుట్టి మేడ్చల్ అందులోకి వెళ్లింది. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, రాష్ట్రంలో 21 కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి ఏర్పడింది. ఒకే ఇంటి గడప దాటకుండా నాలుగు జిల్లాల్లో బతికిన ముసలివాళ్లు ఇక్కడ ఉండేవారు.

రమ్మంటే రాని తేదీ

తేదీ ఒక్కటే నోటికి వస్తే చాలదని ఈ మధ్య కాలపు రెండు సంగతులూ చెప్తాయి. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి పక్కన తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉంది. కొవిడ్ టీకా కొవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. 2020 జులై 2న భారత వైద్య పరిశోధన మండలి ఒక లేఖ రాసింది. కొవాగ్జిన్ ప్రయోగాలు త్వరగా పూర్తిచేసి ఆగస్టు 15 నాటికి టీకా జనానికి అందించాలన్నది దాని సారాంశం. మనుషుల మీద ప్రయోగం అప్పటికి మొదలే కాలేదు. శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ పంద్రాగస్టు టీకా లేకుండానే గడిచిపోయింది. మూడో దశలో 25,800 మంది వాలంటీర్లను తీసుకున్నారు. ఆ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇవ్వడం మీద కూడా ప్రశ్నలు లేచాయి. జనవరి 16న దేశమంతటా టీకాలు మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబర్ 3న గానీ రాలేదు. తుర్కపల్లి ప్రయోగశాలల్లో రాత్రింబవళ్లు పనిచేసినవాళ్ల శ్రమను గౌరవించడమంటే, ఈ తేదీలన్నిటినీ వాటి మీద లేచిన ప్రశ్నలతో సహా గుర్తుపెట్టుకోవడమే.

రెండో సంగతి రైలు గేటుది. మేడ్చల్ దాటి ఉత్తరంగా వెళ్తే రైలు మార్గం మెదక్ జిల్లా మాసాయిపేట మీదుగా పోతుంది. 2014 జులై 24 ఉదయం అక్కడ కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. డజనుకు పైగా పిల్లలు, బస్సు డ్రైవరు ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణ వచ్చి రెండు నెలలైనా కాలేదు. గాయపడ్డ పిల్లలను మేడ్చల్ మీదుగానే నగరంలోని ఆసుపత్రులకు తరలించారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి 31 నాటికి తీసేశామని రైల్వే శాఖ ప్రకటించింది. ఆ పిల్లలు పోయిన నాలుగున్నరేళ్లకు. ఆ రెండు తేదీలను మన బడులు ఏటా కలిపి చెప్పాలి. ఆ పిల్లల ఈడువాళ్లు ఈ రోజు ఉద్యోగాలకు ఇదే లైను మీద రోజూ నగరానికి వెళ్తున్నారు.