ఒక్క ఆదివారంలో జగిత్యాల

ఇటలీలోని పాల్మనోవా ఫొటోలకు లైక్ కొడతాం కదా, మన జగిత్యాల కోటదీ ఆ నక్షత్రం ఆకారమే! పాల్మనోవాను వెనిస్ వాళ్లు 1593లో మొదలుపెట్టారు. మనది 1747లో ఫ్రెంచ్ ఇంజినీర్లు కట్టారని చెబుతారు.

నాకు దొరికింది ఒక్క ఆదివారం. సిరిసిల్ల నుంచి పొద్దున్నే బైక్‌పై బయల్దేరా. కోరుట్ల, కొండగట్టు లిస్టులోంచి తీసేశా. అన్నీ చూడాలనుకుంటే సెల్ఫీలే మిగుల్తాయి.

నేల మీంచి చూస్తే నక్షత్రం తెలీదు. ముందు ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరవండి. తర్వాత కందకం పక్కన నడుస్తూ మూలలు పోల్చుకోండి. ఫిరంగుల కాలం డిజైన్ ఇది. ఒక మూలన కాపలా ఉన్నవాళ్లకు పక్క గోడ అడుగు దాకా కనిపిస్తుంది. శత్రువు నక్కడానికి చోటుండదు. దీనికే నాకు రెండు గంటలు పట్టింది.

ఎండ తగ్గాక ధర్మపురి వెళ్లండి. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యముడికీ గుడి ఉంది. గోదావరి ఒడ్డుకు ఓ గంట ఉంచుకోండి.